మిలిటరీ పెద్దాయన వైద్యం ఆగిపోకుండా చూసుకోవడం ఎలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు ఒక మార్గదర్శి

ఇంట్లో ఎనభై దాటిన మాజీ సైనికుడు ఉంటే, ఆయన వైద్యం సంగతి ప్రభుత్వం చూసుకుంటుందని కుటుంబం నిశ్చింతగా ఉంటుంది. అది వట్టి భ్రమ కాదు. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం)లో సభ్యుడైన పింఛనుదారుకు, ఆయన భార్యకు జీవితాంతం వైద్యం అందుతుంది. వయసు అడ్డు కాదు, ముందే ఉన్న జబ్బు అడ్డు కాదు, ఏడాదికి ఇన్ని లక్షలని పరిమితి లేదు. ఆసుపత్రిలో చేరితేనే కాదు, రోజూ వేసుకునే బీపీ మాత్రకూ ఇది వర్తిస్తుంది.

ఈ హక్కును తీసేస్తున్నామని ఎవరూ ఉత్తర్వు పంపరు. అది చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. ఆధార్‌లో పేరు ఒకలా, పింఛను పత్రంలో మరొకలా ఉన్నందుకు ఆగుతుంది. ఓటీపీ రావలసిన సిమ్‌కు ఎవరూ రీచార్జి చేయనందుకు ఆగుతుంది. ఆయాసం వచ్చిన రాత్రి ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో ఇంట్లో ఎవరికీ తెలియనందుకు ఆగుతుంది. ఇన్నాళ్లూ ఈ వ్యవహారాలన్నీ పెద్దాయనే స్వయంగా చూసుకుని ఉంటారు, పైగా ఎవరినీ వేలు పెట్టనిచ్చి ఉండరు. మోకాళ్లు, వినికిడి, జ్ఞాపకశక్తి ఒకదాని వెంట ఒకటి తగ్గుతున్నప్పుడు ఆ బాధ్యత ఇంకొకరి చేతికి మారాలి. మారకపోవడమే అసలు చిక్కు.

కాబట్టి కాగితాల కంటే ముందు మనిషిని తేల్చుకోండి. ముగ్గురు పిల్లలుంటే ముగ్గురూ చూసుకుంటామనడం అంటే ఎవరూ చూసుకోరని అర్థం. ఒకరి పేరు అనుకోండి. ఆ ఒకరు ఉద్యోగరీత్యా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే, ఊళ్లో కాలు కదిపే వారిని మరొకరిని తోడు పెట్టుకోండి. ఆ తోడు కోడలు కావచ్చు, పక్కింటి కుర్రాడు కావచ్చు.

మొదట ట్రంకు పెట్టె తెరవండి

మిలిటరీలో చేసిన ప్రతివారి ఇంట్లోనూ నంబరు, పేరు పెయింటుతో రాసిన నల్ల పెట్టె ఒకటి ఉంటుంది. అవసరమైనవన్నీ అందులోనే ఉంటాయి. అయితే ఆయన అనుమతి లేకుండా తెరవకండి. ‘‘నాయనా, నీ డిశ్చార్జి బుక్కు ఒకసారి చూపించు, నువ్వు ఎక్కడెక్కడ పనిచేశావో చదువుతాను’’ అని అడిగితే చాలామంది సంతోషంగా తీస్తారు. ‘‘నీకిక చేతకాదు, ఇలా ఇవ్వు’’ అన్న ధోరణిలో వెళ్తే ఆ పెట్టె తాళం కూడా కనిపించకుండా పోతుంది. 1965లోనో 1971లోనో తుపాకి పట్టిన మనిషి కొడుకు చేత ‘‘చేతకాదు’’ అనిపించుకోవడానికి ఒప్పుకోడు.

పెట్టెలో వెతకవలసినవి ఇవి: సర్వీసు నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కు, మొదటి పీపీవో (పింఛను మంజూరు చేసిన ఉత్తర్వు), ఆ తర్వాత పింఛను పెరిగినప్పుడల్లా వచ్చిన సవరణ పీపీవోలు, ఈసీహెచ్‌ఎస్ కార్డు (భార్యకు వేరే కార్డు ఉంటుంది), జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చిన గుర్తింపు కార్డు, ఆధార్, పాన్, పింఛను పడే బ్యాంకు పాస్‌బుక్కు. ప్రతిదానికీ ఫోనుతో ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి, రెండేసి జిరాక్సులు తీయించండి. డిశ్చార్జి బుక్కు అసలు ప్రతిని మాత్రం ఎవరికీ ఇచ్చి రావద్దు. ఏ కార్యాలయంలోనైనా చూపించి వెనక్కి తీసుకోవాలి. కొన్ని బుక్కుల్లో సిరా వెలిసిపోయి ఉంటుంది. మంచి వెలుతురులో స్కాన్ చేయించడం ఇప్పుడు చేయవలసిన పని, వచ్చే ఏడాది కాదు.

తర్వాత పేర్లు సరిచూడండి

ఈ పనికి ఒక సాయంత్రమంతా కేటాయించండి. మన జిల్లాల్లో ఇరుక్కుపోయిన ఫైళ్లలో ఎక్కువ భాగం ఇక్కడే ఇరుక్కుంటాయని నా అభిప్రాయం.

మన పేర్లకు ముందు ఇంటిపేరు ఉంటుంది. అరవై ఏళ్ల క్రితం భర్తీ చేసుకున్న గుమస్తాకు తెలుగు రాకపోవచ్చు. ఆయన విన్నది విన్నట్టు ఇంగ్లిషులో రాశాడు. ఇంటిపేరు ఒక అక్షరంగా చివరకు పోయింది, లేదా మొత్తానికే పోయింది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ సైనిక రికార్డుల్లో చూడవచ్చు. ఆధార్ వచ్చినప్పుడు మాత్రం ఇంటిపేరు పూర్తిగా రాయించుకున్నారు. పుట్టిన తేదీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. భర్తీ నాటి తేదీ ఒకటి, ఆధార్ కేంద్రంలో అందాజుగా చెప్పిన జులై 1 మరొకటి.

భార్య పేరు దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పుట్టింట్లో వెంకట రమణమ్మ, అత్తింట్లో రమణమ్మ, రేషన్ కార్డులో రవణమ్మ అయి ఉండవచ్చు. ఆయన ఉన్నంత కాలం ఈ తేడా ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఆయన తర్వాత ఆమె కుటుంబ పింఛను, ఆమె వైద్యం రెండూ ఈ ఒక్క పేరు మీదే నిలుస్తాయి. ఆయన సంతకం చేయగలిగినప్పుడే దీన్ని సరిచేయించండి.

ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఆయన పేరు, ఆయన పుట్టిన తేదీ, ఆమె పేరు, ఆమె పుట్టిన తేదీ. డిశ్చార్జి బుక్కులో, పీపీవోలో, ఆధార్‌లో, ఈసీహెచ్‌ఎస్ కార్డులో ఏముందో ఉన్నది ఉన్నట్టు, అక్షరం మార్చకుండా ఇంగ్లిషులో రాయండి. తేడా ఎక్కడుందో కళ్లకు కనిపిస్తుంది.

తేడా కనిపించాక దేన్ని మార్చాలన్నది ప్రశ్న. వీలైన చోట ఆధార్‌ను సైనిక రికార్డుకు తగ్గట్టు మార్చడమే సులువు. సైనిక రికార్డును మార్చాలంటే ఆయన పనిచేసిన రెజిమెంటు రికార్డ్ ఆఫీసు దాకా వెళ్లాలి. మద్రాస్ రెజిమెంటుకైతే అది వెల్లింగ్టన్‌లో ఉంది, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్, ఈఎంఈకి (సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే విభాగం) సికింద్రాబాద్. భార్య పేరు గానీ పుట్టిన తేదీ గానీ రికార్డులో తప్పుంటే, అసలు నమోదే కాకపోతే, ఈ దారి తప్పదు. మీరు నేరుగా ఉత్తరాలు రాసే బదులు నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఉన్న జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ఏ ఫారం, ఏ అఫిడవిట్, ఎవరి ధ్రువీకరణ కావాలో వారు చెప్తారు, దరఖాస్తును వారి ద్వారా పంపుతారు. ‘‘ఈ రెండు పేర్లూ ఒకరివే’’ అన్న అఫిడవిట్ తాత్కాలికంగా పనికొస్తుంది గానీ, దానితో పని అయిపోయిందని కూర్చోవద్దు. కంప్యూటర్ అఫిడవిట్లు చదవదు.

కార్డు సంగతి

పాత 16 కేబీ, 32 కేబీ కార్డులు ఇప్పుడు చెల్లవు. ఇప్పుడున్నది 64 కేబీ స్మార్ట్ కార్డు. పెద్దాయన పర్సులో భద్రంగా ఉన్నది ఏ కార్డో ముందు చూడండి. పాతదే ఉంటే ఈసీహెచ్‌ఎస్ వెబ్‌సైటులో కొత్తదానికి దరఖాస్తు చేయాలి. పరిశీలన పూర్తయి ఆమోదం వచ్చాక, కార్డు చేతికి వచ్చేలోపు వాడుకునేందుకు తాత్కాలిక స్లిప్పు తీసుకోవచ్చు. దాన్ని ప్రింటు తీయించి ఉంచుకోండి.

ఇంకొందరుంటారు. ఈ పథకంలో చేరనే లేదు, పింఛనుతో పాటు నెలకు రూ.1,000 వైద్య భత్యం తీసుకుంటూ ఉంటారు. 1996 జనవరి 1కి ముందు పదవీ విరమణ చేసినవారు చందా కట్టకుండానే ఈసీహెచ్‌ఎస్‌లో చేరవచ్చు. ఎనభై దాటినవారిలో చాలామంది ఈ కోవలోకే వస్తారు. తర్వాత రిటైరైనవారికి హోదాను బట్టి ఒకేసారి కట్టే చందా ఉంటుంది. చేరితే వైద్య భత్యం ఆగిపోతుంది. ‘‘ఊరికే వచ్చే వెయ్యి ఎందుకు పోగొట్టుకోవడం?’’ అని కొందరు పెద్దలు పట్టుబడతారు. మంచాన పడే వయసులో ఆ వెయ్యికి ఒక మంచి యాంటీబయాటిక్ కోర్సు కూడా రాదు. ఇది బేరమాడవలసిన విషయం కాదు, చేర్పించండి.

కార్డు మీద ఆధారపడినవారిగా ఎవరెవరి పేర్లున్నాయో కూడా చూడండి. కొడుకుకు 25 ఏళ్లు నిండినా, పెళ్లయినా, సంపాదన మొదలైనా అర్హత పోతుంది. కూతురికి పెళ్లి లేదా సంపాదన వరకు ఉంటుంది. వైకల్యం ఉన్న సంతానం తండ్రి మీదే ఆధారపడి ఉంటే వారికి వయసు పరిమితి లేదు, కానీ ధ్రువపత్రం ఉండాలి. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే, ఆ బిడ్డ పేరు పీపీవోలోనూ నమోదు చేయించడం తండ్రి బతికి ఉండగా చేయవలసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి. అర్హత పోయినవారి పేర్లు తీయించండి. పెద్దాయన కార్డు మీద మనవడికి మందులు రాయించడం, పక్కింటివారికి ఇంజెక్షన్ తెప్పించడం లాంటి ఉపకారాలు అసలు వద్దు. దుర్వినియోగం బయటపడితే సభ్యత్వాన్నే నిలిపివేసే నిబంధన ఉంది. అప్పుడు నష్టపోయేది మంచం మీదున్న మనిషి.

సిమ్ కార్డు, లైఫ్ సర్టిఫికెట్

రక్షణ శాఖ పింఛన్లు ఇప్పుడు స్పర్శ్ అనే వ్యవస్థ ద్వారా ప్రయాగ్‌రాజ్ నుంచి నేరుగా ఖాతాలో పడుతున్నాయి. బ్యాంకు మేనేజరుకు తెలిసిన ముఖం కాబట్టి నడిచిపోయే రోజులు పోయాయి. స్పర్శ్‌లో నమోదైన ఫోను నంబరే ఇప్పుడు పెద్దాయన సంతకంతో సమానం. ఆ నంబరు ఏదో కనుక్కోండి. పాత బటన్ ఫోనులో ఉన్నదా? పదేళ్ల క్రితం మారిపోయిన నంబరా? వాడకుండా వదిలేసిన సిమ్‌ను కంపెనీ రద్దు చేసి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. నంబరు చెలామణిలో ఉంటే క్రమం తప్పకుండా రీచార్జి చేయండి. లేకపోతే కామన్ సర్వీస్ సెంటరులో ఉండే స్పర్శ్ సేవల ద్వారా మార్పించండి. ఆ పని మీద వెళ్లినప్పుడే లాగిన్ వివరాలు కూడా తెచ్చుకుని, లోపల పెన్షనర్ డేటా వెరిఫికేషన్ పూర్తయిందో లేదో, భార్య వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూడండి.

ఇక లైఫ్ సర్టిఫికెట్, అంటే పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇవ్వవలసిన ధ్రువపత్రం. అందరికీ తెలిసింది నవంబరు. ఎనభై దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చన్నది చాలామందికి తెలియదు. మన జిల్లాల్లో ఈ వెసులుబాటు విలువ వేరు. నవంబరు అంటే మనకు వాయుగుండాల నెల. 2015 నవంబరులో నెల్లూరు జిల్లా నీళ్లలో నానినప్పుడు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, మామూలు మనుషులకే బయటికి రావడం కష్టమైంది. కరెంటు లేదు, నెట్ లేదు, రోడ్లు లేవు. కాబట్టి దసరా, దీపావళి మధ్యలో ఈ పని ముగించేయండి.

ఎలా ఇవ్వాలంటే మూడు దారులున్నాయి. తేలికైనది ముఖ గుర్తింపు. మీ స్మార్ట్‌ఫోనులో జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ వేసుకోండి. ముందు మీ ఆధార్‌తో ఆపరేటరుగా నమోదై, తర్వాత పెద్దాయన వివరాలు నింపాలి. మంజూరు చేసిన అధికారి అన్న చోట డిఫెన్స్ పీసీడీఏ (పి) అలహాబాద్, పింఛను చెల్లించే సంస్థ అన్న చోట స్పర్శ్ పీసీడీఏ (పెన్షన్స్) అలహాబాద్ ఎంచుకోవాలి. ఊరి పేరు ప్రయాగ్‌రాజ్ అయినా జాబితాలో పాత పేరే కనిపించవచ్చు, కంగారు పడకండి. ఇక్కడ తప్పు సంస్థను ఎంచుకుంటే సర్టిఫికెట్ తయారవుతుంది, కానీ చేరవలసిన చోటికి చేరదు. కుటుంబం నిశ్చింతగా ఉంటుంది, పింఛను ఆగిపోతుంది. పగటిపూట కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టండి, కళ్లజోడు తీయించండి, రెప్ప వేయమని నెమ్మదిగా చెప్పండి. చెవుడున్న మనిషి పక్కన నలుగురు చేరి ‘‘రెప్ప వేయి, రెప్ప వేయి’’ అని అరిస్తే ఆయన కళ్లు పెద్దవి చేసి అందరినీ చూస్తారు తప్ప రెప్ప వేయరు.

రెండోది పోస్ట్‌మన్. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా రూ.70కి ఇంటికి వచ్చి చేస్తారు. వేలిముద్రతో గానీ ముఖంతో గానీ చేయవచ్చు. జీవితమంతా పొలం పని, మగ్గం పని చేసినవారికి వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం ఒకటికి పదిసార్లు తిరస్కరిస్తే ముఖ గుర్తింపు చేయమని అడగండి. మూడోది కాగితం మీద ఇచ్చేది. గెజిటెడ్ అధికారి వంటి అర్హులైనవారు సంతకం చేసిన సర్టిఫికెట్‌ను స్పర్శ్‌కు పంపవచ్చు. మొదటి రెండూ కుదరనప్పుడే దీనికి వెళ్లండి.

ఆధార్‌లోనే ఫొటో పాతబడి, ముఖం గుర్తుపట్టలేనంతగా మారిపోతే ఆధార్‌ను తాజాపరచాలి. మంచం దిగలేనివారికి ఆధార్ సిబ్బంది ఇంటికే వచ్చి చేసే సేవ ఉంది. దీనికి రుసుము రూ.700.

ఏది చేసినా, ఒక వారం తర్వాత స్పర్శ్‌లోకి వెళ్లి వార్షిక గుర్తింపు తేదీ మారిందో లేదో చూసుకోండి. చేతిలో రసీదు ఉండటం వేరు, అక్కడ నమోదు కావడం వేరు. ఒకవేళ ఆలస్యమై పింఛను ఆగినా, సర్టిఫికెట్ ఇచ్చాక బకాయిలతో సహా వస్తుంది. అంతవరకు మందులకూ ఆటోలకూ డబ్బు ఎక్కడిదన్నదే సమస్య.

ఫోను చేసి ‘‘మీ లైఫ్ సర్టిఫికెట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి’’ అనేవాడు దొంగ. ఏ పింఛను కార్యాలయమూ ఫోనులో ఓటీపీ అడగదు. ఈ మాట పెద్దాయనకు చెప్పండి, అంతకంటే ముఖ్యంగా ఆయన భార్యకు చెప్పండి. మధ్యాహ్నం పూట ఇంట్లో ఫోను ఎత్తేది ఆమే.

పాలిక్లినిక్‌కు వెళ్లే రోజు

నెల్లూరులో, ఒంగోలులో ఈసీహెచ్‌ఎస్ పాలిక్లినిక్‌లు (డాక్టరు చూసి మందులిచ్చే పథకం సొంత క్లినిక్‌లు) ఉన్నాయి. కావలివారికి, సింగరాయకొండవారికి పెద్ద దూరం కాదు. ఉదయగిరి నుంచి, గిద్దలూరు నుంచి వచ్చేవారికి మాత్రం అది ఒక రోజు పని. బలహీనమైన మనిషిని రోహిణి కార్తె ఎండలో బస్సులో కూర్చోబెట్టి తీసుకొచ్చి, ‘‘డాక్టరు సెలవు’’ అనిపించుకుని వెనక్కి తీసుకెళ్లడం కంటే దారుణం లేదు. ముందు రోజు ఫోను చేయండి. అడగవలసినవి మూడే: డాక్టరు ఉన్నారా, ఈ మందు స్టాకులో ఉందా, మనిషిని తీసుకురాకుండా కార్డుతో మేం వస్తే మందులు ఇస్తారా. మూడో ప్రశ్నకు జవాబు రోగి పరిస్థితిని బట్టి ఉంటుంది. మంచానికి పరిమితమైన మనిషి అయితే, ఆ సంగతి రాసిన డాక్టరు చీటీ, ఆయన సంతకమో వేలిముద్రో ఉన్న అనుమతి పత్రం తీసుకెళ్లి పాలిక్లినిక్ ఓఐసీని (అక్కడి బాధ్యతాధికారిని) కలిసి మాట్లాడండి. ఒకసారి మీ ముఖం, మీ పరిస్థితి వారికి తెలిస్తే తర్వాత మాట్లాడటం తేలికవుతుంది.

మామూలుగా స్పెషలిస్టును చూడాలన్నా, ఆసుపత్రిలో చేరాలన్నా పాలిక్లినిక్ డాక్టరు రెఫరల్ (ఫలానా ఆసుపత్రికి పంపుతున్నామన్న చీటీ) రాయాలి. ఏ గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాయాలన్నది మీరు కోరుకోవచ్చు. ‘‘వాళ్లెక్కడికి రాస్తే అక్కడికే పోవాలి’’ అనుకుని చాలామంది నోరు తెరవరు. 75 దాటినవారికి ఒక సౌకర్యం ఉంది: ఓపీలో స్పెషలిస్టును చూపించుకోవడానికి రెఫరల్ లేకుండానే గుర్తింపు ఆసుపత్రికి నేరుగా వెళ్లవచ్చు. అక్కడ రాసిన మందులు మాత్రం పాలిక్లినిక్‌లో తీసుకోవాలి. డయాలసిస్ లాంటి మళ్లీ మళ్లీ జరిగే చికిత్సకు రెఫరల్ గడువు ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాయండి. కనిగిరి ప్రాంతం నుంచి వచ్చే కిడ్నీ రోగుల కుటుంబాలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, వారికి అలవాటే.

మందు స్టాకు లేదంటే అంతటితో తిరిగి రావద్దు. పాలిక్లినిక్‌కు అనుబంధంగా ఉండే స్థానిక మందుల దుకాణం ద్వారా తెప్పిస్తారేమో అడగండి. అక్కడా లేకపోతే, లేదని రాయించుకుని, బయట కొని, బిల్లు పెట్టుకునే పద్ధతి ఉంది. రాయించుకోవడం ముఖ్యం. నోటిమాటకు డబ్బు రాదు.

డాక్టరు ముందు మీరూ లోపలికి వెళ్లండి. ‘‘ఎలా ఉన్నారు?’’ అంటే పెద్దాయన నిటారుగా కూర్చుని ‘‘ఫస్ట్ క్లాస్ సార్’’ అంటారు. ఆ ముందు రాత్రి రెండుసార్లు పడిపోయిన సంగతి చెప్పరు. అందుకని ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని పడిపోయిన తేదీలు, తినని రోజులు, కొత్తగా వచ్చిన తికమక, వేసుకుంటున్న మందులన్నీ రాసి డాక్టరు చేతికివ్వండి. ఆయన్ని పక్కన పెట్టుకుని ఆయన గురించి ఫిర్యాదు చేస్తున్నట్టు మాట్లాడటం కంటే ఇది మర్యాద. వినికిడి యంత్రం, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ లాంటి పరికరాలకు కూడా పథకంలో వీలుంది, కానీ స్పెషలిస్టు రాయాలి, ముందస్తు అనుమతి కావాలి, ధరకు పరిమితి ఉంటుంది. ముందే కొనేసి తర్వాత అడగకండి.

ఇంట్లో పెట్టుకునే ఆయా జీతం, డైపర్ల ఖర్చు ఈ పథకంలోకి రావని లెక్కలోనే వేసుకోండి. నూరు శాతం వైకల్య పింఛను ఉన్నవారికి మాత్రం, మెడికల్ బోర్డు సిఫారసు చేస్తే, నిరంతర సహాయకుడి కోసం ప్రత్యేక భత్యం ఉంది. ఆయన డిశ్చార్జి బుక్కులో వైకల్యం ప్రస్తావన ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దీని గురించి అడగండి.

అర్ధరాత్రి

గుండెనొప్పి, పక్షవాతం, తుంటి ఎముక విరగడం రెఫరల్ కోసం ఆగవు. ఆగవలసిన అవసరమూ లేదు. అత్యవసరమైతే గుర్తింపు పొందిన ఆసుపత్రికి రెఫరల్ లేకుండా నేరుగా వెళ్లవచ్చు. కార్డు చూపిస్తే నగదు లేకుండా చేర్చుకుని, ఆ సంగతి ఆసుపత్రే ఆన్‌లైన్‌లో తెలియజేస్తుంది. మీరూ తెల్లవారగానే పాలిక్లినిక్‌కు ఒక ఫోను చేయండి. అడ్వాన్సు కట్టమంటే, ఎందుకో రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఆ మాటతోనే చాలా కౌంటర్ల దగ్గర ధోరణి మారుతుంది. ఏ వార్డు అన్నది హోదాను బట్టి ఉంటుంది: హవల్దారు వరకు జనరల్, జేసీవోలకు (సుబేదారు స్థాయివారికి) సెమీ ప్రైవేట్, అధికారులకు ప్రైవేట్. పై వార్డు కోరుకుంటే తేడా మీదే.

గుర్తింపు లేని ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే (108 వాహనం దగ్గరలో ఉన్నదానికే తీసుకెళ్తుంది, ప్రాణం నిలబడాలంటే అదే సరి) ఒక గడువు గుర్తుంచుకోండి. 48 గంటల్లోపు దగ్గరలోని పాలిక్లినిక్‌కు సమాచారం చేరాలి. ఫోను చేయండి, ఎవరితో మాట్లాడారో, ఎన్ని గంటలకో రాసుకోండి, ఈమెయిలు కూడా పంపండి. బిల్లు ముందు మీరు కట్టి తర్వాత క్లెయిము పెట్టుకోవాలి. మొత్తం రాదు, ఆమోదించిన రేట్ల మేరకే వస్తుంది. కాబట్టి ప్రమాదం తప్పగానే గుర్తింపు ఆసుపత్రికి మార్చే ఆలోచన చేయండి.

క్లెయిముకు కావలసినవి ఆసుపత్రి గుమ్మం దాటక ముందే తీసుకోండి: డిశ్చార్జి సమ్మరీ, అత్యవసరంగా చేర్చుకున్నట్టు డాక్టరు ధ్రువీకరణ, పద్దు వారీగా విడదీసిన అసలు బిల్లులు, డబ్బు కట్టిన రసీదులు, పరీక్షల రిపోర్టులు. మళ్లీ వారం తర్వాత వెళ్తే ఆ డాక్టరు ఉండడు, ఆ గుమస్తా ఉండడు. ఒక పూర్తి జిరాక్సు సెట్ ఇంట్లో ఉంచుకుని అసలువి పాలిక్లినిక్‌లో ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

ఈ గందరగోళం రాకుండా ఇప్పుడే ఒక పని చేయవచ్చు. ఈసీహెచ్‌ఎస్ వెబ్‌సైటులో గుర్తింపు ఆసుపత్రుల జాబితా ఉంటుంది. నెల్లూరులో ఏవి, ఒంగోలులో ఏవి, ఏ ఆసుపత్రికి ఏ విభాగంలో గుర్తింపు ఉందో చూడండి. కంటి చికిత్సకు మాత్రమే గుర్తింపు ఉన్న చోటికి గుండెపోటుతో వెళ్లి ప్రయోజనం లేదు. ఒప్పందాలు మారుతుంటాయి, కాబట్టి ఆరు నెలలకొకసారి ఫోను చేసి నిర్ధారించుకోండి. ఆ పేర్లు, ఫోను నంబర్లు, కార్డు నంబరు, రక్తపు గ్రూపు, మందుల జాబితా ఒకే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. రాత్రి రెండింటికి ఫోను గ్యాలరీలో వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

డెబ్బై దాటినవారి కార్డు ఇస్తామంటే

ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. డెబ్బై ఏళ్లు దాటిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. మంచి పథకమే. అయితే ఈసీహెచ్‌ఎస్ ఉన్నవారు ఆ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలన్నది నిబంధన. శిబిరాల్లో వేలిముద్ర వేయించేవారికి ఇది గుర్తుండకపోవచ్చు, పెద్దాయనకు అసలు తెలియకపోవచ్చు. ఈసీహెచ్‌ఎస్‌లో ఓపీ, రోజువారీ మందులు ఉన్నాయి, ఖర్చుకు పరిమితి లేదు. కొత్త కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటికే. రోజూ ఐదారు మాత్రల మీద బతికే మనిషికి ఈసీహెచ్‌ఎస్ వదులుకోవడం నష్టమే. ‘‘ఇంటికి ఎవరు ఏ కార్డు కోసం వచ్చినా, నాకు చెప్పకుండా వేలిముద్ర వేయవద్దు’’ అని ఇద్దరికీ చెప్పి ఉంచండి.

పింఛను లేకుండా మధ్యలో సర్వీసు వదిలి వచ్చిన మాజీ సైనికులు కొందరున్నారు. సాధారణంగా వారికి ఈసీహెచ్‌ఎస్ ఉండదు కాబట్టి వారికి వయ వందన కార్డు, రాష్ట్రంలోని ఎన్టీఆర్ వైద్య సేవ చాలా అవసరం. అరవై అయిదు దాటి, పింఛను లేని మాజీ సైనికులకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే నెలసరి సాయాన్ని 2025లో రూ.4,000 నుంచి రూ.8,000కు పెంచారు. హవల్దారు హోదా వరకు వైద్య సాయం కూడా ఉంది. రెండింటికీ దారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే.

ఆమె కోసం

ఆయన ఆరోగ్యం గురించి కంగారులో ఆయన భార్య కార్డును ఎవరూ పట్టించుకోరు. ఆమెకు విడి కార్డు ఉందా, పీపీవోలో ఆమె పేరు ఉందా, ఆమె పేరున బ్యాంకు ఖాతా, పాన్ ఉన్నాయా చూడండి. పింఛను ఖాతా ఇద్దరి పేర్లతో ఉమ్మడిగా ఉంటే మంచిది. ఆయన చేయి వణికి సంతకం కుదరకపోతే బ్యాంకును అడగండి. వేలిముద్రతో, ఇద్దరు సాక్షుల సమక్షంలో డబ్బు తీసుకునే పద్ధతి రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. సాక్షుల్లో ఒకరు బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి.

ఆయన కాలం చేస్తే, మరణ ధ్రువపత్రంతో స్పర్శ్‌లో తెలియజేసి కుటుంబ పింఛను మొదలు పెట్టించుకోవాలి. ఆ తర్వాత ఈసీహెచ్‌ఎస్ సభ్యత్వాన్ని ఆమె పేరున మార్పించాలి. కర్మకాండలు ముగిసేదాకా ఎవరూ ఇది తలచుకోరు, తలచుకోమనడమూ న్యాయం కాదు. నెల తిరిగేలోపు మాత్రం మొదలు పెట్టండి. ఆయన పింఛను ఖాతాలో ఆ తర్వాత కూడా డబ్బు పడుతుంటే తీయవద్దు, అది తిరిగి కట్టవలసి వస్తుంది.

పని జరగకపోతే

కౌంటరు దగ్గర గట్టిగా మాట్లాడటం వల్ల పని జరిగినట్టు నేను చూడలేదు. తేదీ వేసిన ఉత్తరం వల్ల జరిగినట్టు చూశాను. ముందు పాలిక్లినిక్ ఓఐసీకి ఒక పేజీ మించకుండా రాసి, కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. జవాబు లేకపోతే ఈసీహెచ్‌ఎస్ ప్రాంతీయ కేంద్రానికి ఆ కాపీ జతచేసి పంపండి. పింఛను విషయమైతే స్పర్శ్ పోర్టల్‌లోనే ఫిర్యాదు నమోదు చేసే వీలుంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-5325. అదీ కదలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెట్టండి. అందులో మాజీ సైనికుల సంక్షేమ విభాగాన్ని ఎంచుకుని, పీపీవో నంబరు, కార్డు నంబరు, ఇంతకుముందు రాసిన ఉత్తరాల తేదీలు ఇవ్వండి. ఏ ఫిర్యాదైనా పెద్దాయన పేరుతోనే వెళ్లాలి, మీ పేరు కింద ‘‘తరఫున’’ అని ఉండాలి. పంపేముందు ఆయనకు చదివి వినిపించండి. చాలాసార్లు ఆయన ఒక వాక్యం మారుస్తారు. సర్వీసు నంబరు, ట్రేడు, యూనిట్ పేరు మనం రాయనే రాయం, అవి లేకుండా ఉత్తరం ఏమిటని కలం అడుగుతారు.